తప్పు కార్డు పెడితే గంట కొట్టే యంత్రం

కంప్యూటర్ పితామహుడు ఎవరని అడిగితే మన హాస్టల్‌లో ఆరో తరగతి తమ్ముడు కూడా చార్లెస్ బాబేజ్ అని టక్కున చెబుతాడు. జి.కె. బిట్లలో అది ఒక్క మార్కు. ఆ మార్కు వచ్చాక ఆయనతో మన పరిచయం ముగిసిపోతుంది. ఆయన ఏ బాధతో ఆ పనికి దిగారు, దిగిన పని పూర్తయిందా లేదా అన్నది బిట్ పేపరు అడగదు. ఎం.సి.ఏ.లో చేరాక నేను ఆయన జీవితాన్ని కొంచెం వివరంగా చదివాను. ప్రోగ్రామ్ రాసేటప్పుడు, యూజర్ కొట్టిన సంఖ్య మనం అడిగిన రకానిదేనా అని ముందుగా సరిచూసుకోవాలని మా ల్యాబ్‌లో పదే పదే చెబుతారు. కరెంటు బల్బు కూడా లేని కాలంలో, ఇత్తడి చక్రాలతో లెక్కలు చేయించాలనుకున్న ఈ మనిషికి అదే ఆలోచన వచ్చిందని తెలిసి ఆశ్చర్యపోయాను. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్నే ఎంచుకున్నాను.

చార్లెస్ బాబేజ్ 1791 డిసెంబర్ 26న లండన్‌లో జన్మించారు. తండ్రి బెంజమిన్ బాబేజ్ బ్యాంకు వ్యాపారి. డబ్బుకు లోటు లేని ఇల్లు. అయితే పిల్లవాడి ఆరోగ్యం అంత మంచిది కాదు. ఎనిమిదేళ్ల వయసులో పెద్ద జ్వరం వస్తే కోలుకోవడానికి ఎక్సెటర్ పట్టణం దగ్గరి ఒక పల్లెటూరి బడికి పంపారు. ఏ బొమ్మ కొనిచ్చినా దాని లోపల ఏముందని అడగడం, సరైన జవాబు రాకపోతే విరగ్గొట్టి చూడడం ఆయన అలవాటట. చిన్నప్పుడు మెర్లిన్ అనే పనివాడి దగ్గర తనంతట తాను నాట్యం చేసే ఒక వెండి బొమ్మను చూశారు. ఎన్నో ఏళ్ల తర్వాత అదే బొమ్మ వేలానికి వస్తే కొని, బాగు చేయించి ఇంట్లో పెట్టుకున్నారు. పక్క గదిలో తన లెక్కల యంత్రం ఉండేది. వచ్చిన అతిథులు బొమ్మ చుట్టూ మూగి యంత్రం వైపు వెళ్లకపోతే ఆయనకు చాలా బాధ కలిగేది.

1810లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరారు. అప్పటికే గణితం సొంతంగా ఎంతో చదివి ఉండడంతో అక్కడి పాఠాలు ఆయనకు చప్పగా తోచాయి. ఇంగ్లండులో న్యూటన్ మీద భక్తితో ఆయన గుర్తులనే పట్టుకుని కూర్చున్నారు, ఐరోపాలో మిగతా వారంతా లైబ్నిజ్ పద్ధతిలో ముందుకు వెళ్లిపోయారు. 1812లో జాన్ హెర్షెల్, జార్జ్ పీకాక్ వంటి స్నేహితులతో కలిసి అనలిటికల్ సొసైటీ అనే సంఘం పెట్టి ఈ కొత్త పద్ధతిని ప్రచారం చేశారు. తర్వాత పీటర్‌హౌస్ కళాశాలకు మారి 1814లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది తండ్రికి ఇష్టం లేకపోయినా జార్జియానా విట్‌మోర్‌ను వివాహం చేసుకున్నారు. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. వయసు 24 ఏళ్లు మాత్రమే.

ఇక అసలు కథకు వద్దాం. ఇంటర్మీడియట్ చదివిన వారికి లాగ్ టేబుల్స్ తెలుసు. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో క్లార్క్స్ టేబుల్స్ తిరగేయని వాళ్లుండరు. ఆ రోజుల్లో ఓడ నడిపేవారికీ, నక్షత్రాలు చూసేవారికీ, బీమా కంపెనీలకూ అలాంటి పట్టికలే ఆధారం. వాటిని తయారు చేసింది మనుషులే. కంప్యూటర్ అనే మాటకు ఆ కాలంలో అర్థం యంత్రం కాదు, కూలికి లెక్కలు కట్టే మనిషి. ఆ మనిషి లెక్కలో తప్పు చేయవచ్చు. లెక్క సరిగ్గా చేసినా శుభ్రంగా ఎత్తి రాసేటప్పుడు తప్పు రాయవచ్చు. అతను సరిగ్గా రాసినా ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు 6 బదులు 9 పెట్టవచ్చు. పుస్తకం అచ్చయ్యాక ఆ అంకె తప్పని చూసేవారికి ఎలా తెలుస్తుంది? నడిసముద్రంలో ఓడ మీద ఉన్న నావికుడు దాన్నే నమ్మి దిక్కు లెక్క కడతాడు.

1821లో బాబేజ్, హెర్షెల్ కలిసి ఖగోళ పట్టికలను సరిచూస్తున్నారు. ఒకే లెక్కను ఇద్దరు మనుషుల చేత విడివిడిగా చేయించి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చడం పద్ధతి. పోల్చే కొద్దీ తేడాలు బయటపడుతున్నాయి. విసిగిపోయిన బాబేజ్ ఈ లెక్కలన్నీ ఆవిరి యంత్రమే చేసి పెడితే ఎంత బాగుండునని స్నేహితునితో అన్నారట. చాలామంది అలా అనుకుని వదిలేస్తారు. ఆయన వదల్లేదు. మిగిలిన 50 ఏళ్ల జీవితం ఆ ఒక్క మాట వెంటే నడిచింది.

ఆయన మొదటి యంత్రం పేరు డిఫరెన్స్ ఇంజిన్. దాని వెనకున్న గణితం తొమ్మిదో తరగతి వాళ్లకు కూడా అర్థమవుతుంది. ఒక సంఖ్యను దానితోనే గుణించి, ఆ సంఖ్యనే కలిపి, 41 కలపండి. సున్నాతో మొదలుపెడితే 41, తర్వాత 43, 47, 53, 61 వస్తాయి. వీటి మధ్య తేడాలు 2, 4, 6, 8. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. అంటే ఒకసారి 41, 2, 2 అనే మూడు అంకెలు పెట్టుకుంటే చాలు, ఇక గుణకారం అక్కర్లేదు, కూడుకుంటూ పోతే పట్టిక అదే తయారవుతుంది. తేడాలు అంటే డిఫరెన్సులు కాబట్టి యంత్రానికి ఆ పేరు. 1822లో చిన్న నమూనా చేసి చూపించినప్పుడు ఆయన వాడిన ఉదాహరణల్లో ఇదీ ఒకటి. కూడడం మాత్రం వస్తే చాలు. కూడడం చక్రాలకు నేర్పవచ్చు.

ఈ కూడిక గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఫ్రాన్సులో విప్లవం తర్వాత ప్రోనీ అనే ఇంజినీరు పెద్ద పెద్ద గణిత పట్టికలు తయారు చేయించాడు. పైన కొద్దిమంది పండితులు సూత్రం చెబితే, కింద 60 నుంచి 80 మంది మనుషులు కూడికలు, తీసివేతలు చేసుకుంటూ పోయేవారు. వారిలో పదింట తొమ్మిది వంతుల మందికి ఆ రెండు లెక్కలు తప్ప మరేమీ రావు. ఎక్కువ చదువుకున్న వారి కన్నా వీళ్ల లెక్కల్లోనే తప్పులు తక్కువ వచ్చాయని బాబేజ్ 1832లో అచ్చయిన తన పుస్తకంలో ప్రత్యేకంగా రాశారు. ఈ భాగం చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. మా అమ్మ బడి మెట్లు ఎక్కలేదు. పత్తి ఏరిన కిలోలు, కిలోకు కూలి, ముందు తీసుకున్న బాకీ అన్నీ నోటితోనే కట్టి, మేస్త్రీ కాగితం మీది మొత్తంలో పది రూపాయల తేడా ఉంటే పట్టేస్తుంది. కిలోల అంకెను రూపాయల అంకెలో కలిపి చదివితే అస్సలు ఒప్పుకోదు.

డిఫరెన్స్ ఇంజిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని తాళాల ఏర్పాటు. నిలువు కడ్డీకి ఒకదాని మీద ఒకటిగా చక్రాలుంటాయి. ఒక్కో చక్రం మీద 0 నుంచి 9 వరకు అంకెలు. కింది చక్రం ఒకట్ల స్థానం, దాని పైది పదుల స్థానం, ఆ పైది వందల స్థానం. చక్రం ఎక్కడైనా ఆగగలదు కదా, 4కూ 5కూ మధ్యలో ఆగితే ఏమిటి? గడియారం ముల్లు మధ్యలో ఉంటే మనం నాలుగున్నర అనుకుంటాం. బాబేజ్ అలా అనుకోనివ్వలేదు. చక్రం పళ్ల మధ్యకు ఒక మేకు లాంటి ముక్క వచ్చి దిగేలా చేశారు. చక్రం కొద్దిగా పక్కకు జరిగి ఉంటే ఆ ముక్క దాన్ని నెట్టి సరైన అంకె మీదకు తెస్తుంది. మరీ మధ్యలో ఉంటే ముక్క దిగదు, యంత్రం బిగుసుకుపోతుంది, పిడి తిరగదు. చూసేవారికి యంత్రం చెడిపోయినట్టు కనిపిస్తుంది. కానీ అది చెడిపోవడం కాదు. నీవిచ్చినది 4 కాదు, 5 కాదు, కాబట్టి దాంతో నేను లెక్క చేయను అని యంత్రం మొండికేయడం అది. ఒక్కో స్థానంలో పూర్తి అంకె మాత్రమే ఉండాలన్న నియమం ఇనుముతో, ఇత్తడితో రాసినట్టే.

1823లో ప్రభుత్వం ఈ యంత్రానికి మొదటి విడతగా 1,500 పౌండ్లు మంజూరు చేసింది. జోసెఫ్ క్లెమెంట్ అనే నేర్పరి పనివాడికి తయారీ అప్పగించారు. మొత్తం 25,000 భాగాలు కావాలి. ఒకే కొలతకు ఒకేలాంటి భాగాలు వేల సంఖ్యలో చేయడం అప్పటికి ఎవరికీ అలవాటు లేదు. దానికి తగ్గ పనిముట్లు కూడా కొత్తగా చేసుకోవలసి వచ్చింది.

1827 ఆయన జీవితంలో చీకటి సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలో తండ్రి, కొడుకు, భార్య జార్జియానా, పురిట్లో బిడ్డ వరుసగా కన్నుమూశారు. మనిషి కుంగిపోయారు. స్నేహితులు బలవంతం చేస్తే ఐరోపా ప్రయాణం పెట్టుకున్నారు. ఆయనకు పుట్టిన ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాళ్లయింది ముగ్గురే. డబ్బు ఉన్నా ఆ కాలంలో వైద్యం లేదు. ఆ ఏడాదే 1 నుంచి 1,08,000 వరకు సంఖ్యలకు లాగరిథమ్ పట్టిక ప్రచురించారు. ఏ రంగు కాగితం మీద ఏ రంగు సిరా అయితే కంటికి ఇబ్బంది లేకుండా అంకె స్పష్టంగా కనబడుతుందో తెలుసుకోవడానికి ఆ పట్టికలోని పేజీలనే రకరకాల రంగుల్లో అచ్చు వేయించి 1831లో 21 సంపుటాలు చేశారు. చదివేవాడి కన్ను పొరబడడం కూడా తప్పులకు ఒక దారి అని ఆయనకు తెలుసు.

1828లో కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న లుకేషియన్ ఆచార్య పదవి ఇచ్చారు. 1839 వరకు ఆ పదవిలో ఉండి ఒక్క పాఠం కూడా చెప్పలేదు. ఈ విషయంలో నాకు ఆయన మీద కొంచెం కోపమే. మన లాంటి వాళ్లకు మంచి లెక్కల సార్ దొరకడమే అదృష్టం.

1832లో డిఫరెన్స్ ఇంజిన్‌లో దాదాపు ఏడో వంతు, సుమారు 2,000 భాగాలతో బిగించి చూపించారు. అది చక్కగా పని చేసింది. అంతలో వర్క్‌షాప్‌ను బాబేజ్ ఇంటి దగ్గరకు మార్చే విషయంలో క్లెమెంట్‌తో డబ్బు తగాదా వచ్చింది. 1833లో పని ఆగిపోయింది. మళ్లీ మొదలు కాలేదు. ప్రభుత్వం అప్పటికి 17,000 పౌండ్లకు పైగా ఖర్చు పెట్టింది. 1842లో ప్రధాని రాబర్ట్ పీల్ ప్రభుత్వం ఇక ఇచ్చేది లేదని తేల్చేసింది. బాబేజ్ స్వయంగా వెళ్లి పీల్‌ను కలిశారు గానీ, ఆ భేటీలో తన యంత్రం గురించి చెప్పిన దాని కన్నా తనకు జరిగిన అన్యాయాల గురించి చెప్పింది ఎక్కువ. పని చెడింది.

ప్రభుత్వానికి నమ్మకం పోవడానికి ఒక కారణం బాబేజే ఇచ్చారు. 1834 నాటికి ఆయన మనసు ఇంకా పెద్ద యంత్రం మీదకు వెళ్లింది. అదే అనలిటికల్ ఇంజిన్. పట్టికలు మాత్రమే కాదు, ఏ లెక్కనైనా చేయగల యంత్రం. సంఖ్యలు దాచుకోవడానికి ఒక గిడ్డంగి, లెక్క జరగడానికి ఒక మిల్లు. మనం ఇప్పుడు మెమరీ, ప్రాసెసర్ అంటున్నది వీటినే. ఆజ్ఞలు ఇవ్వడానికి చిల్లులు పొడిచిన అట్టలు. ఈ అట్టల ఆలోచన ఆయనది కాదు, ఫ్రాన్సు నేత మగ్గాల నుంచి తెచ్చుకున్నది. జాకార్డ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో అట్టలో చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు, దాంతో పువ్వు పడుతుంది. ధర్మవరం వైపు మిత్రులు ఈ జాకార్డ్ అట్టలను తమ ఇళ్లలో మగ్గాల మీదే చూసి ఉంటారు. వాళ్లకు నేను చెప్పవలసిన పని లేదు. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డ్ బొమ్మ ఒకటి బాబేజ్ ఇంట్లో ఉండేది.

ఈ అనలిటికల్ ఇంజిన్‌లోనే మొదట చెప్పిన గంట ఉంది. 1864లో అచ్చయిన ఆత్మకథలో బాబేజ్ దాన్ని వివరించారు. యంత్రం ఏదో పెద్ద లెక్క చేస్తూ ఉంటుంది. మధ్యలో ఒక సంఖ్యకు లాగరిథమ్ కావలసి వచ్చింది. ఆయన ఇచ్చిన ఉదాహరణ 2303. అప్పుడు యంత్రం గంట కొట్టి ఆగిపోతుంది. పక్కనున్న పనివాడు వచ్చి చూస్తే 2303కు లాగరిథమ్ కావాలని కనబడుతుంది. అతను సొరుగు తెరిచి ఆ కార్డు వెతికి తెచ్చి యంత్రంలో పెడతాడు. మనలాంటి వాళ్లం అయితే యంత్రం ఇక ఆ కార్డు తీసుకుని పని మొదలుపెడుతుందని అనుకుంటాం. బాబేజ్ అలా చేయలేదు. పెట్టింది అడిగిన కార్డేనా అని యంత్రం మొదట పరీక్షిస్తుంది. అదే అయితే ముందుకు వెళుతుంది. కాకపోతే ఇంకా గట్టిగా మరో గంట కొట్టి ఆగి, పట్టికలోని సంఖ్య తప్పని పలక చూపిస్తుంది.

ఈ సంగతి విన్నవారికి వచ్చే అనుమానం మనకూ వస్తుంది. సరైన లాగరిథమ్ ఏదో యంత్రానికి ముందే తెలిస్తే మనిషిని అడగడం ఎందుకు? తెలియకపోతే ఇచ్చింది తప్పని ఎలా పసిగడుతుంది? జవాబు చాలా తేలిక. కార్డు మీద లాగరిథమ్ ఒక్కటే ఉండదు. 2303 అనే సంఖ్య, దాని లాగరిథమ్‌లోని 3622939 అనే దశాంశ భాగం, రెండూ చిల్లులుగా ఉంటాయి. యంత్రం కార్డు మీది సంఖ్యను తన దగ్గరున్న 2303 నుంచి తీసివేస్తుంది. సున్నా వస్తే అడిగిన కార్డే. సున్నా రాకపోతే పనివాడు పొరపాటున 2330 కార్డో, 2033 కార్డో తెచ్చాడన్నమాట. జవాబు తెలియకపోయినా, వచ్చింది తన ప్రశ్నకు జవాబేనా అన్నది మాత్రం తెలుసుకోవచ్చు. ఇంత చిన్న తీసివేతతో అంత పెద్ద పొరపాటు ఆగుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. కార్డు మీద 2303 సరిగ్గా ఉండి, లాగరిథమ్ అంకెల్లో ఒకటి తప్పు పొడిచి ఉంటే గంట మోగదు. అందుకని ఆ కార్డులను మనుషులు పొడవకూడదు, యంత్రమే లెక్క కట్టి తానే చిల్లులు పొడవాలని బాబేజ్ నిర్ణయించారు. అంటే రకం సరిచూడడం ఒక పని, నిజం సరిచూడడం వేరే పని అని ఆయనకు స్పష్టంగా తెలుసు. ఇది తెలియని పెద్దలూ ఉన్నారు. యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబులు వస్తాయా అని ఆయనను రెండుసార్లు అడిగారు, ఒకసారి పార్లమెంటు ఎగువ సభ సభ్యుడు, మరోసారి దిగువ సభ సభ్యుడు. ఏ రకమైన గందరగోళంతో అలాంటి ప్రశ్న పుడుతుందో తనకు అంతుపట్టలేదని ఆయన ఆత్మకథలో విసుక్కున్నారు. నా మట్టుకు నాకు అది అంత నవ్వవలసిన ప్రశ్నగా అనిపించదు. కంప్యూటర్‌లో వచ్చింది కాబట్టి కరెక్టే అని ఈ రోజుకీ ఎంతమంది అనడం లేదు?

ఇప్పుడు మన ల్యాబ్‌కు వద్దాం. సి భాషలో స్కాన్‌ఎఫ్‌తో పూర్ణసంఖ్య అడిగామనుకోండి. యూజర్ 12.5 కొడితే అది చప్పుడు చేయకుండా 12 మాత్రం తీసుకుంటుంది. మిగిలిన పాయింట్ ఐదు అక్కడే ఉండిపోయి తర్వాతి ప్రశ్నకు అడ్డం పడుతుంది. అక్షరాలు కొడితే ఏమీ తీసుకోదు, వేరియబుల్‌లో పాత విలువే ఉంటుంది, ప్రోగ్రామ్ దాంతోనే లెక్క చేసుకుపోతుంది. గంట మోగదు. ఎన్ని విలువలు సరిగ్గా చదివిందో స్కాన్‌ఎఫ్ తిరిగి చెబుతుంది గానీ, మనం పట్టించుకుంటేనే ఆ సమాచారం ఉపయోగపడుతుంది. పైథాన్‌లో యూజర్ ఏం కొట్టినా అది మొదట అక్షరాల వరుసగానే వస్తుంది. దాన్ని ఇంట్‌గా మార్చమంటే 12.5 దగ్గర మొరాయించి ఎర్రర్ చూపిస్తుంది. బాబేజ్ చక్రంలా బిగుసుకుపోతుందన్నమాట. అన్నీ అంకెలేనా అని ఈజ్‌డిజిట్‌ను అడిగితే మైనస్ 7ను కూడా కాదంటుంది, ఎందుకంటే మైనస్ గుర్తు అంకె కాదు. కాబట్టి రుణసంఖ్య కూడా రావచ్చు అనుకున్న చోట దాని మీద ఆధారపడకూడదు. ముందు పూర్ణసంఖ్యగా మార్చి చూడడం, కాకపోతే దశాంశ సంఖ్యగా మార్చి చూడడం, అదీ కాకపోతే మళ్లీ అడగడం. మా ల్యాబ్‌లో నేర్పే వరుస ఇది. ఎర్రర్ వచ్చిందని తిట్టుకునే తమ్ముళ్లకు ఒక్క మాట, ఎర్రర్ చూపని ప్రోగ్రామే ఎక్కువ ప్రమాదం.

అంకెలు ఉన్నంత మాత్రాన అది లెక్క కట్టే సంఖ్య కాదని కూడా తెలుసుకోవాలి. నాతో చదువుకున్న ఒక తమ్ముడి బ్యాంకు ఖాతా నంబరు సున్నాతో మొదలయ్యేది. ఒక చోట స్కాలర్‌షిప్ జాబితా కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడు ఆ గడిని సంఖ్య రకంగా పెట్టారు. సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి కంప్యూటర్ దాన్ని తీసేసింది. ఒక అంకె తక్కువైన ఆ నంబరుకు డబ్బు వెళ్లలేదు. నాలుగు నెలలు తిరిగాడు. పరీక్ష ఫీజు ఇద్దరు ముగ్గురం కలిసి కట్టాం. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం, అక్కడ కూర్చున్నవారు కావాలని చేసింది కాదు. ఖాతా నంబరును ఎవరూ కూడరు, తీసివేయరు. అది పేరు లాంటిది. దాన్ని అక్షరాల వరుసగానే ఉంచాలి, ఎన్ని అంకెలు ఉండాలో అన్నీ ఉన్నాయా అని చూడాలి. కిలోలు వేరు రూపాయలు వేరు అనే మా అమ్మకు ఇది చెబితే వెంటనే అర్థమైంది.

మళ్లీ బాబేజ్ దగ్గరకు. ఆయన ఆలోచనను అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది ఏడా లవ్‌లేస్. కవి బైరన్ కూతురు. 1833లో 17 ఏళ్ల వయసులో ఆయనను కలిసింది. 1840లో బాబేజ్ ఇటలీలోని ట్యూరిన్ నగరానికి వెళ్లి అనలిటికల్ ఇంజిన్ గురించి వివరిస్తే, మెనాబ్రియా అనే యువ ఇంజినీరు 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. ఏడా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అసలు వ్యాసానికి దాదాపు మూడింతల వివరణలు జోడించి 1843లో ప్రచురించింది. బెర్నౌలీ సంఖ్యలు కట్టే విధానాన్ని మెట్టు మెట్టుగా అందులో ఇచ్చింది. యంత్రం సొంతంగా ఏదీ పుట్టించలేదు, ఎలా చేయాలో మనకు తెలిసి చెప్పినదే చేస్తుందని కూడా ఆమె రాసింది. 1852లో 36 ఏళ్లకే మరణించింది.

బాబేజ్ అందరితో కలిసిపోయే మనిషి కాదు. కోపం ఎక్కువ. ఒక డిజైన్ పూర్తి కాకముందే దానికన్నా మంచిది తోచి మొదటిది వదిలేసేవారు. తండ్రి ఆస్తి వచ్చింది కాబట్టి అలా సాగింది గానీ, మన ఇళ్లలో ఆ గుణం ఉంటే పూట గడవదు. వీధిలో వాయిద్యాలు వాయించేవారంటే ఆయనకు పడేది కాదు. ఆ చప్పుడు వల్ల తన పని చెడుతోందని ఏళ్ల తరబడి పోరాడారు. 1864లో వారిని కట్టడి చేసే చట్టం కూడా వచ్చింది. ఈ గొడవలో నేను ఆయన పక్షాన లేను. ఆ వాయించేవారిలో చాలామంది పొట్ట చేత పట్టుకుని పరాయి దేశాల నుంచి వచ్చిన పేదలు. వీధి పిల్లలు ఆయన ఇంటి ముందు కావాలనే డప్పులు, రేకులు మోగించి వెళ్లేవారట. చదివితే నవ్వొచ్చింది.

అయినా పెద్ద మనసు లేదని చెప్పలేం. స్వీడన్‌కు చెందిన షూట్జ్ తండ్రీకొడుకులు ఆయన ఆలోచన ఆధారంగానే డిఫరెన్స్ ఇంజిన్ చేసి, తాను చేయలేనిది చేసి చూపించినప్పుడు అసూయ పడలేదు. వాళ్ల యంత్రాన్ని అందరికీ మెచ్చుకుంటూ పరిచయం చేశారు. 1840ల చివరలో రెండో డిఫరెన్స్ ఇంజిన్‌కు డ్రాయింగులు గీశారు. మొదటి దాని కన్నా చాలా తక్కువ భాగాలతో అదే పని చేసే యంత్రం అది. కట్టించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1871 అక్టోబర్ 18న లండన్‌లోని డోర్సెట్ వీధి ఇంట్లో బాబేజ్ కన్నుమూశారు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

ఆయన కుమారుడు హెన్రీ మన దేశంలో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేశాడు. తిరిగి వెళ్లాక తండ్రి మిగిల్చిన భాగాలను, కాగితాలను భద్రపరిచాడు. అనలిటికల్ ఇంజిన్ మిల్లులో కొంత భాగం, అచ్చు వేసే భాగం కట్టించి, 1910లో పై విలువ గుణిజాలను దాంతో అచ్చు వేయించాడు. ఆ జాబితాలో తప్పులు దొర్లాయి.

1991లో, బాబేజ్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా, లండన్ సైన్స్ మ్యూజియం వారు ఆయన గీసిన డ్రాయింగుల ప్రకారమే రెండో డిఫరెన్స్ ఇంజిన్ లెక్క కట్టే భాగాన్ని తయారు చేశారు. ఆయన కాలంలో సాధ్యమయ్యే కొలతల ఖచ్చితత్వాన్నే పాటించారు. 31 అంకెల సంఖ్యలతో అది సరిగ్గా పని చేసింది. అచ్చు వేసే భాగం 2002లో పూర్తయింది. మొత్తం సుమారు 8,000 భాగాలు, 5 టన్నుల బరువు. చక్రాల మధ్య దిగే ఆ తాళాలు కూడా ఆయన గీసినట్టే ఉన్నాయి. గంట ఉన్న అనలిటికల్ ఇంజిన్‌ను మాత్రం పూర్తిగా ఎవరూ కట్టలేదు.